మా గుడి పేరుకు నేను కట్టిన వెల

హైదరాబాదులో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపించిన ఆ రోజుల్లో, బీదర్‌లో బస్సెక్కిన ప్రతి కుర్రాడూ తానే ఒక కంపెనీ అనుకునేవాడు. నేనైతే రెండు కంపెనీలనుకున్నాను. అమీర్‌పేటలో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో నాకు ఉద్యోగం. అక్కడ మా బాస్ అన్న (అన్న అంటేనే పలికేవాడు, సార్ అంటే జీతం పెంచమంటామని భయం) ఒక రోజు చాయ్ తాగుతూ నాకు జ్ఞానబోధ చేశాడు. "ఇంటర్నెట్‌ల పేరంటే ప్లాటు లెక్క తమ్మీ. పొట్టి పేరు, జల్ది నోటికొచ్చే పేరు రోడ్డు మీది ప్లాటు. పొడుగు పేరు, నడుమ గీతలున్న పేరు ఊరవతలది. ముందుగాల ఎవడు రాయించుకుంటే వానిదే. అయిదు వందలకు రాయించుకున్నోడు, అది కావాల్సినోడు దొరికితే లక్ష అడుగుతడు." ఆ 'కావాల్సినోడు' అన్న మాట నా బుర్రలో కూర్చుండిపోయింది. దాని పక్కనే ఒక ఎర్ర మోటారు సైకిలు కూడా వచ్చి నిలబడింది.

ఆ నెలలోనే బీదర్ పక్కన చిద్రిలో మా ఇంటికి వెళితే గంట మామ కబురు పెట్టాడు. (గుడంటే మాకు చర్చే. దాని గంట కొట్టేదీ, కమిటీ నడిపేదీ, పెళ్లిళ్లు కుదిర్చేదీ ఆయనే. మా వాడకట్టంతటికీ మామే.) "అల్లుడా, మన గుడికి నూరేండ్లు నిండుతున్నయ్. దుబాయిల, బొంబాయిల ఉన్న మనోళ్లు చూసేటట్టు ఒక వెబ్‌సైట్ చెయ్యాలె. జర మన గుడి పేరు రాయించు" అన్నాడు. రాయించాను. నా పేరు మీద. వారం తర్వాత ఫోన్ చేసి, "మామా, ఎవడో బెంగుళూరోడు ముందే రాయించుకున్నడు. పదిహేను వేలు అడుగుతుండు" అన్నాను. నాలుక కొంచెమైనా తడబడి ఉంటే ఈరోజు ఇంత సిగ్గు ఉండేది కాదు. "ఉత్త పేరుకు గంత పైసలెందుకురా?" అన్నాడు మామ. ప్లాటు పాఠమంతా ఒప్పజెప్పాను. ఆయన, "మన పేరు ఇడిచి వేరే పేరు ఎట్ల పెట్టుకుంటం? కోత పండుగకు చూద్దాం తీ" అన్నాడు. నేను వెళ్లి మోటారు సైకిళ్ల షాపు ముందు నుంచి రెండుసార్లు నడిచి వచ్చాను.

కోత పండుగంటే మావాళ్లు తొలి పంట గుడికి తెచ్చే ఆదివారం. ఆరాధన అయ్యాక గుమ్మడికాయలు, జొన్నలు, కోళ్లు హర్రాజు, అంటే వేలం, వేస్తారు. మా గుడి బోర్డు కన్నడంలో, పాటలు తెలుగులో, హర్రాజు మాత్రం "ఏక్ బార్, దో బార్" అంటూ ఉర్దూలో. పాడుకున్నవాళ్లలో చాలామంది ఆ వస్తువును మళ్లీ గుడికే ఇచ్చేస్తారు, మళ్లీ పాట మొదలవుతుంది. ఆ ఏడు గంట మామ బల్ల చరిచి, "ఈసారి వచ్చిందంతా మన పేరు విడిపించుకోనీకి!" అని చాటాడు. విడిపించుకోవడం అట! నేను తల దించుకుని చెప్పులు లేని నా కాళ్లనే చూసుకున్నాను.

ఖటక్ చించోళి అనే పల్లె నుంచి మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, కోడిపెట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. ఉన్నది ఆ ఒక్క పెట్టే. దాని గుడ్లమ్మి ఆమె ఉప్పూ సబ్బూ కొనుక్కుంటుందని నాకు తెలుసు (సెలవుల్లో అమ్మకానికి మిగలకుండా తిన్నది నేనే). పెట్ట మూడుసార్లు హర్రాజయింది, మూడుసార్లూ తిరిగి బల్ల మీదికే వచ్చింది. సంతలో వంద పలకని కోడి రెండు వేలు దాటింది. ఈ లెక్క మా బాస్ అన్న పాఠంలో లేదు. వెనక నుంచి ఎవరో, "ఉన్న ఒక్క కోడి ఇచ్చేస్తివి గదనే" అంటే పెద్దమ్మ నవ్వింది. "కోడి మళ్ల వస్తది బిడ్డా. మన గుడి పేరు పరాయోని చేతిల ఉంటే మంచిగుంటదా?" ఆ పరాయివాడు ఆమెకు రెండడుగుల దూరంలో, ఆమె చెల్లెలి పక్కన, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

లేచి నిలబడ్డాను. "మామా, ఆపుండ్రి! ఆ బెంగుళూరాయన ఉత్తగనే ఇస్తడట!"

"ఎప్పుడు చెప్పిండురా?"

"ఇప్పుడే ఫోన్ చేసిండు!"

గుడంతా చప్పట్లు. అప్పుడు చూశాను, నా ఫోను అమ్మ ఒళ్లోని సంచిలోంచి సగం బయటికి వచ్చి ఉంది. అమ్మ ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది, ఫోనును లోపలికి నెట్టి జిప్పు లాగేసింది. నిజం చెప్పడానికి గుడికన్నా మంచి చోటు ఉంటుందా? అయినా చెప్పలేదు, పిరికి వెధవని. జేబులో ఉన్నదంతా పెట్టి నాలుగోసారి పెట్టను పాడుకుని పెద్దమ్మ చేతికే ఇచ్చాను. ఆమె ఊరుకుంటేనా? పది రోజులకు అమ్మతో ఎనిమిది గుడ్లు పంపింది, "ఆ మంచి మనిషికి ఇయ్యమను" అని. అమ్మ ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి, గుడ్లు నా చేతిలో పెట్టింది. నేను ముట్టలేదు. నా రూములోవాళ్లు ఆమ్లెట్లు వేసుకుని, "మస్తున్నయ్ రా" అంటూ తిన్నారు.

ఆ పేరుకు ఏటా కట్టే రుసుము ఇప్పటికీ నేనే కడుతున్నాను. మోటారు సైకిలు కొన్నాను గానీ, చాలా ఏళ్లకు, అదీ నల్లది. గంట మామకు చెవులు తగ్గాయి, జ్ఞాపకం మాత్రం తగ్గలేదు. ప్రతి కోత పండుగకూ, "మన పేరు ఉత్తగ ఇచ్చిన ఆ మంచి మనిషి ఏడున్నా సల్లగ చూడు ప్రభువా" అని ప్రార్థన చేస్తాడు. ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాణ్ణి తలచుకుంటే నాకు ఇప్పుడు నవ్వే వస్తుంది, కానీ కళ్లు తెరిచే ధైర్యం రాదు. అందరూ ఆమెన్ అంటారు, నేను అనలేను. నా పక్కన నిలబడ్డ అమ్మ మాత్రం నా వైపు చూడకుండా, అందరూ అన్నాక కొంచెం ఆగి, నా వంతు కూడా కలిపి గట్టిగా "ఆమెన్" అంటుంది.