అడుగు లేని బుట్ట

అరకులో మా సంఘం ఆఫీసు ఒక రేకుల షెడ్డు, దాని ముందు చిన్న సిమెంటు వరండా. ఆ వరండాలో స్టూలు మీద వెదురుబుట్ట పెట్టి, చేతిలో ఫోను పట్టుకుని నేను దాని చుట్టూ తిరుగుతున్నాను. ఆ బుట్ట అల్లిన పెద్దమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది. మూడు చుట్లు తిరగాలి. ఒకటి కింది నుంచి, ఒకటి నడుం ఎత్తులో, ఒకటి పైనుంచి. మధ్యలో ఆగినా, చెయ్యి కదిలినా ఫోను మళ్ళీ మొదటికి పొమ్మంటుంది. నాలుగోసారి మొదలుపెట్టినప్పుడు పెద్దమ్మ అడిగింది.

"ఏటి మేడమ్, దానికేటైనా మొక్కుకున్నావా?"

నాకు నవ్వు రాలేదు. పొద్దున్నుంచి అదే పని.

నాది పార్వతీపురం దగ్గర పల్లె. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ ఈ కొండల్లోకి వచ్చాను, ఇక్కడే ఉండిపోయాను. మూడు ఊళ్ళ నుంచి తొమ్మిదిమంది ఆడవాళ్ళు బుట్టలు, చేటలు, తట్టలు అల్లి తెస్తారు. వాటికి కొనేవాళ్ళను వెతకడం నా పని. కొన్నేళ్ళు అరకు చూడ్డానికి వచ్చే టూరిస్టులకు అమ్మాం. తరవాత ఒక ఆన్‌లైన్ దుకాణంలో పెట్టాం. మామూలు ఫొటోలు మూడు, కింద నాలుగు ముక్కలు. నెలకు ఇన్నని లేకపోయినా ఏదో పోతూ ఉండేవి.

అప్పుడు ఆ దుకాణం నుంచి మెయిలు వచ్చింది. ఇకనుంచి త్రీడీ బొమ్మ ఉన్న సరుకునే పేజీలో పైన చూపిస్తారట. కొనేవాళ్ళు ఆ బొమ్మను వేలితో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. దగ్గరికి లాక్కోవచ్చు, తలకిందులు చేసి అడుగు చూడొచ్చు. ఫోను కెమెరా తెరిస్తే ఆ బుట్ట వాళ్ళింట్లో, వాళ్ళ బల్ల మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. కొనకముందే ఇంట్లో పెట్టి చూసుకోవడమన్నమాట. చదివినప్పుడు బాగానే ఉందనిపించింది. ఫొటోలో అందం కనిపిస్తుంది గాని అల్లిక కనిపించదు. తిప్పి చూస్తే మావాళ్ళ పనితనం తెలుస్తుంది కదా అనుకున్నాను.

కాని ఫోనుకు మా బుట్ట అర్థం కాలేదు. వెదురు చీల్చి తీసిన దబ్బకూ దబ్బకూ మధ్య కన్నాలుంటాయి, వాటిలోంచి వెనకున్న గోడ కనిపిస్తుంది. ఫోను గోడనూ బుట్టనూ కలిపేసి ముద్ద చేసింది. ఒకసారి కాలిన కుండలా, ఒకసారి వానకు నానిన చీమల పుట్టలా వచ్చింది. వెనక తెల్లబట్ట కట్టాను, నల్ల దుప్పటి కట్టాను. ఏడోసారికి కాస్త బుట్ట రూపు వచ్చింది గాని, దాన్ని పంపడానికి సిగ్నల్ లేదు. ఫోను పట్టుకుని ఘాట్ రోడ్డు మలుపు దాకా నడిచి వెళ్ళి నిలబడ్డాను. తొంభై రెండు శాతం దాకా వెళ్ళి ఆగిపోయింది.

మూడు రోజులు అలా గడిచాక నా వల్ల కాదని ఒప్పుకున్నాను. విశాఖపట్నంలో ఇలాంటి బొమ్మలు కంప్యూటర్‌లో చేసే ఒకావిడ ఉందని తెలిసింది. అంతకుముందు కట్టబోయే ఫ్లాట్లకు నమూనాలు చేసేదట. ఆవిడకు ఇరవై ఫొటోలు, కొలతలు పంపాను. వారంలో బొమ్మ వచ్చింది.

చూసి నిజంగా మురిసిపోయాను. అంచు గీత గీసినట్టుంది. దబ్బలన్నీ ఒకే వెడల్పు, ఒకే తేనెరంగు. వేలితో తోస్తే మెల్లగా తిరుగుతుంది. మర్నాడు పెద్దమ్మ వస్తే ముందు ఆమెకే చూపించాను. నా వేలు చూసి తనూ వేలితో తిప్పింది. ఒకటి రెండుసార్లు తిప్పి తలకిందులు చేసి, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇది ఎవులు అల్లినారు?"

"నువ్వే పెద్దమ్మా. నీ బుట్టే. కంప్యూటర్‌లో అలా చేశారు."

"నాను కాదు. నాను ఇలగ అల్లను." వేలితో అడుగు చూపించింది. "దీనికి అడుగు కట్టనేదు. ఒగ్గేసినారు."

"అది బొమ్మ పెద్దమ్మా. మీరు బుట్టలో అల్లం మోసినట్టు బొమ్మలో మోస్తామా ఏమిటి," అన్నాను.

ఆమె ఫోను నా చేతిలో పెట్టి, తెచ్చిన బుట్టలు దించుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట అప్పుడు వినుంటే నాకు చాలా తిరుగుడు తప్పేది.

బొమ్మ పెట్టిన పది రోజుల్లో ఆర్డర్లు మొదలయ్యాయి. అంతకుముందు రెండు మూడు నెలల్లో పోయేవి ఒక్క వారంలో పోయాయి. నేను రెండు పక్క ఊళ్ళకు కబురు పెట్టాను. చేటలు మానేసి అందరూ ఇవే అల్లండన్నాను. బొమ్మలో తిరిగేది ఆ ఒక్క బుట్టే కాబట్టి.

రెండో నెలలో అట్టపెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. నేను టేపు వేసి పంపిన పెట్టెలే, మీద ఇంకో టేపు వేసుకుని వచ్చాయి. ఒక్కోదానిలో చీటీ. 'చూపించిన దానిలా లేదు.' 'రంగు వేరు.' పెద్దమ్మ దబ్బలను పొయ్యి పైనున్న అటక మీద ఆరబెడుతుంది. పురుగు పట్టకూడదని ఆ పొగలోనే ఉంచుతారు. అందుకే బుట్ట ఒకచోట తేనెరంగు, ఒకచోట కాఫీగింజ రంగు. ఒకావిడ తన హాల్లో అలమర గూట్లో బొమ్మను పెట్టి చూసుకుందట, సరిగ్గా పట్టిందట. వెళ్ళిన బుట్ట అంగుళం పెద్దది, గూట్లో దూరలేదు. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ చూసిందే అడిగింది.

దుకాణంవాళ్ళకు ఫోను చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒకాయన దొరికాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, కస్టమర్ చూసింది ఒకటి, వచ్చింది ఒకటి. రిటర్న్ అవుతుంది కదా."

"చేత్తో అల్లినవి సార్. ఏ రెండూ ఒకలా ఉండవు. ఆ మాట కింద రాశాం కూడా."

"కింద రాసింది ఎవరూ చదవరు మేడమ్. తిప్పి చూస్తారు, కొంటారు. మీరు బుట్టలన్నీ బొమ్మలా ఉండేలా చూసుకోండి. లేదంటే ప్రతి బుట్టకూ విడిగా త్రీడీ చేయించండి."

ఒక బుట్ట అల్లడానికి పెద్దమ్మకు ఒకటిన్నర రోజు. దాని బొమ్మ చేతికి రావడానికి వారం. ఆ మాట చెబితే ఆయన, "అర్థమైంది మేడమ్, ఇంకేమైనా సహాయం కావాలా," అన్నాడు.

ఆ కోపం ఆయన మీద చూపలేకపోయాను. మర్నాడు పెద్దమ్మ మీద చూపించాను. బొమ్మను పైనుంచి, పక్కనుంచి, కిందినుంచి మూడు కాగితాల మీద ప్రింటు తీయించి ఆమె ముందు పెట్టాను. ఇలాగే కావాలన్నాను. అంచు వంకర పోకూడదు, దబ్బలన్నీ ఒకే కొలత, పొగ తగలకూడదు. అక్కడితో ఆగలేదు. "ఇన్నేళ్ళుగా అల్లుతున్నావు, రెండు బుట్టలు ఒక్కలా అల్లలేవా?" అన్నాను. పక్కన ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ళు తలలు దించుకున్నారు. పెద్దమ్మ మాత్రం కాగితాలు మడిచి రొంటిన దోపుకుని, "సరే మేడమ్," అంది.

ఆ వారం ఆమె రాలేదు. తరవాతి వారం కూడా రాలేదు. జీపెక్కి జి.మాడుగుల వైపు పోయే రోడ్డులో దిగి, కాఫీ తోటల్లోంచి అరగంట నడిచి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంటిముందు చోళ్ళు, అదే రాగులు, ఎండబోసి ఉన్నాయి. ఆమె నన్ను చూసి లోపలికి వెళ్ళి ఒక బుట్ట తెచ్చింది.

అచ్చం బొమ్మే. నమ్మలేకపోయాను. అంచు ఎక్కడా తేడా లేదు, దబ్బలన్నీ ఒకే వెడల్పు. పొగ చూపకుండా నీడలో ఆరబెట్టినట్టుంది, లేతరంగులో మెరుస్తోంది. ఇన్నాళ్ళుగా పడ్డ అవస్థ తీరినట్టనిపించింది.

"ఇంత బాగా అల్లగలవు కదా పెద్దమ్మా, మరి ముందే..."

"ఉండు," అంది. పక్కన గోనెసంచిలోంచి పచ్చి అల్లం రెండు చేతులతో తీసి బుట్టలో పోసింది. నిండుగా కూడా పోయలేదు. "ఇప్పుడెత్తు."

రెండు పక్కలా పట్టుకుని ఎత్తాను. మోకాళ్ళ దాకా లేచిందో లేదో, అడుగున దబ్బలు మెల్లగా పక్కకు జరిగాయి. చప్పుడు కూడా కాలేదు. అల్లమంతా నా కాళ్ళ మీద పడింది.

"నీ కాగితంలో ఎలగున్నాదో అలగే అల్లినాను. ఇక్కడ సూడు," అని ఆమె బుట్ట తిప్పి చూపించింది. "ఈ దబ్బ పైనుంచి ఒచ్చి, ఈ రెండిటి కిందకి దిగాల. దిగనేదు. పైనే ఉండిపోనాది. ఇలగ నాలుగు దిక్కుల. ఆ దినమే సెప్పినాను నీకు."

చెప్పింది. నేనే వినలేదు. వంగి అల్లం ఏరుతుంటే ముఖం ఎత్తాలనిపించలేదు. అందరి ముందు అన్న మాటకు అక్కడ క్షమాపణ అడిగాను. ఆమె అదేదో తనకు వినబడనట్టు, "సోళ్ళ జావ తాగుతావా? ఎండన పడి ఒచ్చినావు," అంది.

ఆ వారమే ఆ బుట్టనూ, ఒక మంచి బుట్టనూ, ఒక కట్ట దబ్బలనూ పట్టుకుని విశాఖ బస్సెక్కాను. బొమ్మ చేసినావిడ తన ఇంట్లోనే ముందుగదిలో పనిచేస్తుంది. రెండు బుట్టలూ ఆవిడ బల్ల మీద పెట్టాను. అడుగు చూసి ఆవిడ నాలుక కరుచుకుంది.

"ఒక గడి మాత్రమే అల్లానండీ కంప్యూటర్‌లో. దాన్నే కాపీ చేసి పక్కపక్కన అతికించాను. అతుకుల దగ్గర దబ్బ ఆగిపోయింది. అడుగు ఎవరు చూస్తారులే అనుకున్నాను."

నేను కోపంగా ఏదో అనబోయాను. ఆవిడ మంచి బుట్టను చేతిలోకి తీసుకుని వేళ్ళతో నొక్కి చూస్తోంది. "రోజుకు మూడు వస్తువులు చేసివ్వాలండీ. కుర్చీలు, చెప్పులు, కుక్కర్లు. ఇన్నేళ్ళలో నేను బొమ్మ చేసిన వస్తువు నా చేతికి రావడం ఇదే మొదలు," అంది. నేను అనబోయిన మాట మానేసి దబ్బల కట్ట విప్పాను.

ఆ రోజంతా ఆవిడ పక్కనే కూర్చున్నాను. దబ్బలు బల్ల మీద పరిచి, పెద్దమ్మ చూపించినట్టు రెండిటి మీదుగా, రెండిటి కిందుగా వేసి చూపిస్తే ఆవిడ ఒక్కో వరస మార్చింది. కాపీ చేయలేదు. పొగ రంగు కలిపింది. మా బుట్టలకు సహజంగా ఉండే చిన్న వంకర అంచులో ఉంచింది. సాయంత్రానికి తెర మీద తిరుగుతున్నది పెద్దమ్మ బుట్టే అని ఎవరైనా గుర్తుపడతారు. ఇలాంటి మూడు చేసి, కొనేవాళ్ళకు వచ్చే బుట్ట వీటిలో ఏదో ఒకదానిలా ఉంటుందని చెబుదామనుకున్నాం. తిరుగుబస్సులో చాలా రోజుల తరవాత తేలిగ్గా కూర్చున్నాను.

కొత్త బొమ్మ దుకాణానికి పంపిన గంటకే జవాబు వచ్చింది. తీసుకోలేదు. 'అంచు సమంగా లేదు. రంగు ఒకేలా లేదు. నాణ్యత చాలదు.' ఇంత తొందరగా మనిషి చూసి ఉండడని తెలుస్తూనే ఉంది. మళ్ళీ పంపాను, అదే జవాబు. ఫోను చేశాను. ఈసారి వేరే గొంతు. బొమ్మలను యంత్రమే చూస్తుందనీ, తమ చేతుల్లో ఏమీ లేదనీ చెప్పింది. "పాత బొమ్మ బాగానే ఉంది కదా మేడమ్, అదే ఉంచండి," అంది.

అడుగు ఊడిపోయే బుట్టకు యంత్రం ఒప్పుకుంది. బరువు మోసే బుట్టకు ఒప్పుకోలేదు. ఈ సంగతి ఆ గొంతుకు నాలుగు రకాలుగా చెప్పాను. ప్రతిసారీ "మీ ఇబ్బంది నోట్ చేసుకున్నాం," అంది.

పాత బొమ్మ తీసేశాను. ఎవరూ నన్ను తీసెయ్యమనలేదు. అది ఉంటే ఆర్డర్లు వస్తాయని తెలుసు, పెట్టెలు తిరిగి వస్తాయనీ తెలుసు. మళ్ళీ మామూలు ఫొటోలు మూడు పెట్టాను. మా పేజీ ఎక్కడికో కిందికి పోయింది. నాకే వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

నా కబురు విని చేటలు మానేసిన పక్క ఊరి వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఒక రిసార్టులో గదులు తుడిచే పనిలో చేరారు. అడిగితే, "అక్కడ రోజూ పని ఉన్నాది మేడమ్," అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. నాకే నా మీద ఉంది.

పెద్దమ్మ సంతకు కోళ్ళ గంపలు అల్లుతోంది. మొన్న వెళ్ళినప్పుడు, బొమ్మ తీసేశామనీ, ఆన్‌లైన్‌లో బుట్టలు ఇదివరకంత పోవనీ చెప్పడానికి ఆమె పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ యంత్రం గురించీ, ఆ ఫోను గొంతుల గురించీ తిప్పి తిప్పి చెబుతున్నాను.

"బేగి సెప్పు మేడమ్," అంది చేతులు ఆపకుండా. "దబ్బలు ఆరిపోతన్నాయి."

చెప్పాను. ఆమె తల ఊపి, నీళ్ళ తపేలా నా వైపు జరిపింది. నేను దబ్బలు తడిపి అందిస్తూ కూర్చున్నాను.