ఫ్రిజ్జమ్మ

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రోజులు గడిస్తే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు సరికదా, టీవీలో ఎవరైనా పగలబడి నవ్వితే చాలు, నా మీద నాకే ఒళ్ళు మండిపోతుంది. పేరు చెప్పను. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఇదంతా మీకెందుకు చెబుతాను, అక్కకే చెప్పేవాణ్ణి.

అక్కా బావలది జగ్గయ్యపేట. బావకి పురుగుమందుల కొట్టు. అక్కకి కడుపు పోయినప్పుడు ఆస్పత్రి వరండాలోనే బావ నోరు జారాడు. జాగ్రత్తగా ఉండమంటే వినలేదని అక్కనే తప్పుపట్టాడు. ఆ రోజు నుంచి అక్క ఆయనతో మాట మానేసింది. తర్వాత నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, అక్క ఫ్రిజ్ తలుపు తీసి దానితో మాట్లాడుతోంది.

"ఫ్రిజ్జమ్మా, పెరుగు పై అరలో పెట్టా. ఎవరికన్నా కావాలంటే తీసుకోమను."

కాసేపటికి బావ వచ్చి అదే తలుపు తీశాడు. "ఫ్రిజ్జమ్మా, గరికపాడు దాకా వెళ్తున్నా. నా కోసం ఎవర్నీ కూర్చోవద్దను. తినేసి పడుకోమను."

నాకు నవ్వొచ్చింది. అప్పట్లో హైదరాబాదులో ఒక కామెడీ సీరియల్‌కి మాటలు రాసేవాళ్ళలో నేనొకణ్ణి. టైటిల్స్‌లో పేరు కూడా పడనివాణ్ణి. కొత్త సీజన్ మొదటి ఎపిసోడ్‌కి మొగుడూ పెళ్ళాల గొడవ కావాలన్నారు. ఇచ్చాను. కడుపు పోవడం తీసేసి ఆవకాయలో ఉప్పు ఎక్కువైందని పెట్టాను. ఊరు మార్చాను. బావకి మీసం తీసేశాను. ఆ ఒక్క పిలుపు మాత్రం మార్చలేదు. ఎందుకు మార్చలేదు? బీరువా అని ఉండొచ్చు, మిక్సీ అని ఉండొచ్చు. కానీ చదివి వినిపించినప్పుడు గదిలో అందరూ నవ్వింది ఆ పిలుపుకే. ఆ నవ్వు నాకు కావాలి. అంతే. సిగ్గులేని వెధవని.

ఎపిసోడ్ వచ్చిన రోజు వాళ్ళింట్లో చుట్టాలున్నారట. అందరూ నవ్వుతుంటే వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. మర్నాడు అక్క ఫోన్ చేసింది.

"నిజం చెప్పరా. అది నువ్వేనా రాసింది?"

"నేను కాదక్కా. వేరేవాళ్ళు రాశారు."

అక్కడ ఆగినా బాగుండేది. ఆగానా? "బావే కొట్లో ఎవరితోనో అనుంటాడు. ఆ నోటా ఈ నోటా పడి ఇక్కడిదాకా వచ్చుంటుంది," అన్నాను.

అక్క "అంతేలే," అని పెట్టేసింది.

బావ ఒట్టేశాడు. అక్క నమ్మలేదు. ఫ్రిజ్ దగ్గర మాటలు కూడా ఆగిపోయాయి. అప్పుడు గాని నా మట్టిబుర్రకి ఎక్కలేదు, అది గొడవ కాదని. మళ్ళీ దగ్గరవ్వడానికి ఆ ఇద్దరూ పట్టుకున్న ఆధారం అదొక్కటే. పెరుగు ఉందనీ, తినేసి పడుకోమనీ చెప్పుకోవడం కాక కాపురమంటే ఇంకేముంటుంది? దాన్ని నేను నవ్వులకి అమ్ముకున్నాను. తప్పంతా ఆ వరండాలో బావ అన్న మాటదేనని కొన్నాళ్ళు సాకు చెప్పుకున్నాను. ఆ మాటకి ఆయన రోజూ ఫ్రిజ్ ముందు నిలబడి లెంపలేసుకుంటూనే ఉన్నాడు కదా. మధ్యలో నాకేం రోగం?

అక్క ఇప్పుడు నందిగామలో ఒక్కతే ఉంటోంది, బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ. మొన్న వెళ్ళాను. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తీసి, తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. సీసా నా చేతికిచ్చి, "నా సంసారాన్ని బజార్న పెట్టనివాడివి నువ్వొక్కడివేరా," అంది.

తాగాను ఆ నీళ్ళు. గొంతు దిగాయి కూడా.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. ఈ మాట ఎక్కడో ఒకచోట పెట్టేశాను, ఇవాళ్టికి ఊపిరాడుతోంది. రాసింది నేను. బావ ఎవరితోనూ అనలేదు.