మనోళ్లదే షటర్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ కోచింగ్ సెంటర్ యజమాని నన్ను ఇంటర్వ్యూ చేసినప్పుడు సైన్స్‌లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా ఎమ్మెస్సీ మార్కులు చూసి ఆయనకు నోట మాట రాలేదనుకున్నాను. "మీదెక్కడండీ?" అన్నాడు. నల్గొండ దగ్గర పల్లె అనీ, నాన్న ఆర్టీసీలో కండక్టర్ కాబట్టి చిన్నప్పుడే ఎల్బీనగర్ వచ్చేశామనీ చెప్పాను. "ఇంట్లో కూడా ఈ యాసేనా?" అన్నాడు. అవునన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. మూడు నెలలు ప్రొబేషన్, రేపటి నుంచి రమ్మన్నాడు. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు జనరల్ సైన్స్ చెప్పాలి.

ఆయనది గుంటూరు వైపు. పాఠాలు చెప్పే మిగతావాళ్లదీ అటువైపే. బాగా చెప్పేవాళ్లు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇటువాణ్ణి నేనొక్కణ్ణే. తెలంగాణ ఉద్యమం ఊరిని ఊపేస్తున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ర్యాలీ. నా యాస మీద ఆయనకు అంత ప్రేమ ఎందుకు పుట్టిందో మొదటి బంద్ నాడే తెలిసింది.

బంద్ అంటే మా సెంటర్‌కు సెలవు కాదు. పిల్లలు పెందలాడే వచ్చి, పక్కసందులోని చిన్న తలుపు గుండా లోపలికి పోయేవాళ్లు. చెప్పులు బయట విడిస్తే గుట్టు రట్టవుతుందని ఎవరి చెప్పులు వాళ్లే కవర్లో పెట్టుకుని ఒళ్లో పెట్టుకోవాలి. రోడ్డువైపు షటర్ దించేసేవాళ్లు. దాని మీద జై తెలంగాణ అని రాసిన బ్యానర్ కట్టేవాళ్లు. ఆ బ్యానర్ యజమాని సొంత డబ్బుతో, మంచి గుడ్డ మీద, గట్టి రంగులతో రాయించాడు. లోపల మైకు లేకుండా పాఠం నడిచేది.

"మాస్టారూ, మీరు కాస్త బయట నిలబడండి. మీవాళ్లు వస్తే మీ భాషలో రెండు ముక్కలు చెప్పి పంపించెయ్యండి" అన్నాడు. కొత్త ఉద్యోగం, కాదంటే ఏమనుకుంటాడో అని నిలబడ్డాను. ర్యాలీ వచ్చింది. ముందున్న కుర్రాడు షటర్ మీద చెయ్యి వేసి, "ఏందన్నా, లోపట నడుస్తున్నదా?" అన్నాడు.

"లే తమ్మీ, బందే. మనోళ్లదే ఇది."

"మనోళ్లదా? జై తెలంగాణ అన్నా!"

"జై తెలంగాణ!" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. నాకూ తెలంగాణ కావాలి మరి. తెలంగాణ కోరుకునేవాణ్ణి కాబట్టే బంద్ జరగకుండా చూసే పని నాకు అప్పగించారు. ఈ తిరకాసు నాకు అప్పుడే తట్టింది గానీ, నెలాఖరు దాకా దాన్ని పక్కన పెట్టాను.

ఎందుకంటే ఇంట్లో పరిస్థితి అది. ఉద్యోగులందరితో పాటు ఆర్టీసీవాళ్లూ సమ్మెకు దిగారు. బస్సులు డిపో దాటడం లేదు, నాన్నకు జీతం లేదు. కిరాణా కొట్టతను ఉద్దెర ఇవ్వడం తగ్గించాడు. ఇంటి కిరాయి బాకీ పడింది. అయినా నాన్న మాత్రం రోజూ ఖాకీ బట్టలు ఇస్త్రీ చేయించుకుని, డ్యూటీకి పోయినట్టే ర్యాలీకి పోయేవాడు. "నా జీతం ఆగితేంది, కొడుకుది ఒస్తది గదా" అని డిపోలో అందరికీ చెప్పేవాడట. కొడుకు పెద్ద సార్ అయ్యాడని ఆయన నమ్మకం. కొడుకు షటర్ దగ్గర నిలబడుతున్నాడని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

బంద్‌లు ఎక్కువయ్యే కొద్దీ నా పాఠాలు తగ్గిపోయాయి. ఒకరోజు కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె వచ్చి, "వాచ్‌మన్ అన్నా, సైన్స్ సార్ ఇవాళ ఉన్నారా?" అని నన్నే అడిగింది. లేరమ్మా అని చెప్పాను. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చేశాను. నాకు కోపం వస్తే ఆలోచన తర్వాత వస్తుంది. ఈసారి అది ఇంటికి నడిచి వస్తుంటే కొత్తపేట దగ్గర వచ్చింది. ఇంట్లో బియ్యం ఎన్నాళ్లు వస్తాయి అని.

మర్నాడు జీతం అడగడానికి వెళ్తే యజమాని కాఫీ తెప్పించాడు. కాఫీ వచ్చిందంటే డబ్బు రాదని అప్పటికి నాకు తెలియదు.

"బంద్ రోజుల్లో మీరు క్లాసు తీసుకోలేదు కదా మాస్టారూ?"

"మీరే కదా సార్ బయట నిలబడమన్నది?"

"నిలబడ్డారు, కాదనను. ఏ బ్యానర్ కింద నిలబడ్డారు? మీ తెలంగాణ బ్యానర్ కిందే కదా. మీ ఉద్యమానికి నేను జీతం ఇస్తే ఏం బాగుంటుంది చెప్పండి?"

"మరి పాఠాలు చెప్పిన రోజులు?"

"అది ప్రొబేషనండీ. మేం మీకు పని నేర్పిన రోజులు. నేర్పినందుకు మేమే ఫీజు అడగట్లేదు."

నాకు ఒళ్లు మండింది. ఆయన గొంతులో మాత్రం ఎక్కడా కోపం లేదు. పైగా మళ్లీ ఒకసారి కనపడమన్నాడు. కనపడ్డాను. మళ్లీ కనపడమన్నాడు. ఇంట్లో చెప్పలేదు కాబట్టి రోజూ అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని ఎల్బీనగర్ నుంచి నడిచి వచ్చేవాణ్ణి. కాసేపు గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయి లారీల మధ్య తిరిగి, ఆ తర్వాత వెళ్లి ఆయనకు కనపడేవాణ్ణి.

అలా కనపడ్డానికి వెళ్లిన ఒక బంద్ నాడు, నేను ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే రోడ్డు మీద నినాదాలు మొదలయ్యాయి. షటర్ దించే ఉంది. లోపల గదుల్లో పిల్లలు చెప్పులు ఒళ్లో పెట్టుకుని పాఠం వింటున్నారు. ఈసారి ర్యాలీ దాటిపోలేదు. మా ముందే ఆగింది. ఎవరో షటర్‌ను దబదబ బాదారు. లోపల పాఠం ఆగిపోయింది.

"మాస్టారూ, కాస్త బయటికి వెళ్లి..." అన్నాడు యజమాని.

"నేను రాజీనామా చేశాను కదా సార్" అన్నాను, కుర్చీలో వెనక్కి వాలుతూ. నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

షటర్ మళ్లీ మోగింది. ఆయన సొరుగు తీశాడు. పాఠాలు చెప్పిన రోజులకు డబ్బు తీశాడు. నేను కదల్లేదు. ఇంకోసారి బాదారు. బంద్ రోజులకు కూడా తీశాడు. ఆ నోట్లు జేబులో పెట్టుకుని, డబ్బా చేత పట్టుకుని, సందులోంచి చుట్టూ తిరిగి షటర్ ముందుకు వచ్చాను. అలాగే ఇంటికి పోవచ్చు. కానీ డబ్బు తీసుకున్నాక పని చెయ్యాలి కదా.

"అన్నా, బందే అన్నా, మనోళ్లదే ఇది..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. అందరూ ఖాకీ బట్టల్లో ఉన్నారు. షటర్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డది మా నాన్న.

ఆయన నన్ను చూశాడు, నా చేతిలో డబ్బా చూశాడు, బ్యానర్ చూశాడు. పక్కనున్నాయన, "లోపట క్లాసులు నడుస్తున్నయంటున్నరే" అన్నాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. నడుస్తున్నయా?" అన్నాడు నాన్న.

నిండిన బస్సులో టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టుకునేవాడు ఆయన. ఆ మొహం ముందు నిలబడి, "లే నాయినా. బందే" అన్నాను.

నాన్న షటర్ మీది నుంచి చెయ్యి తీశాడు. "మా పోరడే చెప్తున్నడు గదా. పాండ్రి, ముందల్కి పాండ్రి" అని అందరినీ మళ్లించాడు. ఎల్బీనగర్ వైపు వెళ్తూ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తాడేమోనని ఎదురుచూశాను. చూడలేదు.

సాయంత్రం ఇంట్లో డబ్బు తీసి అమ్మకు ఇచ్చి, జరిగినదంతా చెప్పేశాను. అమ్మ నోట్లు పట్టుకుని నాన్న వైపు చూసింది. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"బంద్ చేసెటోనికి జీతం లేదు. బంద్ గాకుంట చూసెటోనికి ఒచ్చింది" అన్నాడు. తర్వాత లేచి చొక్కా వేసుకుని, "పా, బియ్యం తెద్దాం. కొట్టు మూస్తరు" అన్నాడు.

వెళ్లాం. డబ్బు నాతోనే కట్టించాడు. బస్తా మాత్రం తనే భుజానికి ఎత్తుకున్నాడు. ఇల్లు చేరేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు.