సెలీనమ్మ ఇంటి గోడలో ఇనప గొట్టం

కోలారు బంగారు గనుల దగ్గరి కోరమండల్‌లో, గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన లైన్ ఇళ్ళలో సెలీనమ్మది చివరి నుంచి మూడోది. ఇప్పుడామెకు అరవై మూడేళ్ళు. గనులు మూతపడినప్పుడు ఆ వరసలోని మగవాళ్ళూ ఆడవాళ్ళూ పని వెతుక్కుంటూ రోజూ బెంగళూరు రైలెక్కడం మొదలుపెట్టారు. పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక తల్లులు సతమతమవుతుంటే, ఎవరూ అడక్కముందే సెలీనమ్మ తన తలుపు తీసి పెట్టింది.

"ఈడ ఇడిసిపెట్టి పొండమ్మా. నేనుండాను గదా" అంది.

అప్పటికే ఆమె భర్త పోయాడు, కడుపున పిల్లల్లేరు. ఆ ఒక్క మాటను పదిహేనేళ్ళు నిలబెట్టుకుంది. పొద్దున గంజి, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం పలక మీద నాలుగక్షరాలు. ఇరవై మంది పిల్లల కంచాలు పెరట్లోని రాతిపలక దగ్గర గొంతుక్కూర్చుని తోమేది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయినా ఆ రాయి దగ్గర కూర్చోవడం మాత్రం తప్పలేదు. చివరికి మోకాళ్ళు మొరాయించాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే ఇంకోసారి కూర్చోవాలంటే భయం.

ఆ ఇంట్లో పెరిగిన జూలియా ఇప్పుడు కోలారులో నర్సు. ఒక ఆదివారం చూడ్డానికి వచ్చి, సెలీనమ్మ రెండు చేతులా గోడ పట్టుకుని, పళ్ళు బిగించి లేవడం చూసింది. మరుసటి వారం ఆటోలో ఒక స్టీలు సింకు తెచ్చి దించింది.

"ఇదేం పనే తల్లీ, నాకెందుకింత?" అని సెలీనమ్మ నొచ్చుకుంది. ఒకరికి పెట్టడమే తప్ప ఒకరి దగ్గర తీసుకోవడం ఆమెకు అలవాటు లేదు.

"ఇంగ కింద కూర్చుంటే నేను మాట్లాడను" అంది జూలియా.

జూలియా పురమాయించిన ప్లంబరు వచ్చి చూశాడు. వంటింటి మూల, మోకాలి ఎత్తున, గోడలోంచి జానెడు ఇనప గొట్టం బయటికి పొడుచుకుని ఉంది. గనుల కాలంలో అక్కడొక తొట్టి ఉండేది. దాని నీళ్ళు వెనక కాలువలోకి పోవడానికి వేసిన గొట్టమది. ప్లంబరు తన ప్లాస్టిక్ పైపు దానికి ఆనించి చూసి పెదవి విరిచాడు. "ఈ సైజు ఇప్పుడు యాడా దొరకదమ్మా. గోడ పగలగొట్టి కొత్తది వేయాల" అన్నాడు.

అది రాళ్ళు పేర్చి మట్టితో కట్టిన గోడ. ఒక్క రాయి కదిలితే పై రాళ్ళు ఆగవు. "వద్దప్పా, ఉన్న ఇల్లు నిలబడితే చాలు" అని అతన్ని పంపేసి, సెలీనమ్మ సింకును మంచం కిందికి తోసింది. మళ్ళీ రాతిపలక దగ్గరికే వెళ్ళింది.

నెల గడిచాక ఈ సంగతి అమృతరాజు చెవిన పడింది. పక్క లైనులో ఉండే ఆయన ఒకప్పుడు గనిలో పంపుల ఫిట్టరు. భూమి లోపల ఊరే నీటిని పైకి తోడే గొట్టాలతోనే ఇరవై రెండేళ్ళు గడిపాడు. తర్వాత బెంగళూరులో పైపుల పని చేసి, డెబ్బయ్యో ఏడు రాగానే ఇంటిపట్టున ఉండిపోయాడు. పిలవకుండానే సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"గోడ పగలగొట్టాలన్నాడంట గదా. ముందు గొట్టాన్ని అడగద్దా?" అన్నాడు.

గొట్టం మూతిలో కుక్కి ఉన్న గుడ్డపేలిక లాగి, ఒక చెంబు నీళ్ళు పొయ్యమని సెలీనమ్మకు చెప్పి, ఆయన పెరటి కాలువ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె పోసింది. అవతల చుక్క రాలేదు. నీళ్ళన్నీ వెనక్కి వచ్చి ఆమె పాదాల మీద పడ్డాయి.

"గొట్టం చచ్చిపోయినట్టుందన్నా" అంది సెలీనమ్మ దిగులుగా.

"చావలేదమ్మా. గొంతులో ఏదో అడ్డం పడి ఉండాది."

లావుపాటి తీగ కొనకు కొక్కెం చేసి లోపలికి తిప్పుతూ దింపాడు. గంటసేపు తిప్పాడు. తుప్పు వచ్చింది, మట్టి వచ్చింది, ఆ వెనకే ఒకటి, రెండు, గుప్పెడు బలపాలు వచ్చాయి. వాటితో పాటు మూడు గోలీలు, ఒక బొమ్మ చెయ్యి. సెలీనమ్మ వాటిని కొంగులో పోసుకుని, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. అక్షరాలు దిద్దమంటే బలపం పోయిందని ఏడ్చిన పిల్లలు వాటిని ఎక్కడ దాచారో అన్నేళ్ళకు తెలిసింది. మళ్ళీ చెంబు నీళ్ళు పోసింది. పెరట్లోంచి అమృతరాజు కేక వేశాడు: "వచ్చినాయి, వచ్చినాయి."

అసలు చిక్కు తర్వాత బయటపడింది. సింకును మామూలు ఎత్తులో ఇటుకల మీద నిలిపి చూస్తే, దాని కింది వంకర గొట్టం మూతి గోడ గొట్టం కంటే మూడు వేళ్ళు కిందికి దిగింది. నీళ్ళు పైకి ఎక్కవు. అమృతరాజు గడ్డం గోక్కుంటూ రెండు గొట్టాల మధ్య ఎడాన్ని వేళ్ళతో కొలిచాడు. తర్వాత, "సెలీనమ్మా, ఇట్లా వచ్చి నిలబడు. గిన్నె తోమినట్టు చెయ్యి పెట్టు" అన్నాడు.

ఆమె మంచి పొడగరి. సింకులో చెయ్యి పెట్టాలంటే నడుం వంగింది.

"నీకు ఈ ఎత్తు చాలదు. నాలుగు వేళ్ళు లేపితే నీ నడుముకూ సుఖం, నీళ్ళకూ దారి" అన్నాడు. మరో వరస ఇటుకలు పేర్చి, సిమెంటు పెట్టి, ఆరడానికి రెండు రోజులు వదిలేశాడు.

మూడో రోజు వచ్చి గోడ గొట్టం మూతిని ఆకురాయితో నున్నగా రుద్దాడు. దానికీ సింకు కింది ప్లాస్టిక్ గొట్టానికీ కలిపి మందపాటి రబ్బరు తొడుగు ఎక్కించి, అటొకటి ఇటొకటి స్క్రూ క్లిప్పులు బిగించాడు. సిమెంటు పూస్తే సరిపోదా అని ఆమె అడిగింది. "ఇనుము ఒక రకంగా సాగుతాది, ప్లాస్టిక్ ఒక రకంగా సాగుతాది. నడుమ మెత్తంగా ఒకటి ఉంటేనే రెండూ కలిసుంటాయి" అన్నాడు. కింద పాత పేపరు పరిచి, సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారిగా వదిలాడు. పేపరు మీద ఒక చుక్క పడింది. క్లిప్పు ఇంకో అర తిప్పు తిప్పాడు. మళ్ళీ నింపి వదిలితే పేపరు పొడిగా ఉంది. వేలితో తడిమి మరీ చూసుకున్నాడు.

టీ తాగిన రెండు గ్లాసులూ సెలీనమ్మ నిలబడి కడిగింది. మోకాళ్ళు వంగలేదు. నీళ్ళు గుడగుడమని గోడలోకి పోతుంటే వింటూ, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. వెనక్కి తిరగకుండానే, "అన్నా, నీకు ఏమని చెప్పేది" అంది.

అమృతరాజు ఆకురాయిని గుడ్డతో తుడుస్తున్నాడు. "ఏమీ చెప్పద్దు. చేతులు ఊరకే ఉండి ఉండి, నేను దేనికీ పనికిరానేమో అనుకుంటి. ఈ మూడు దినాలు నాకు బాగుండినాయి" అన్నాడు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ, రోగం తగ్గినవాళ్ళూ పరీక్ష పాసైనవాళ్ళూ లేచి దేవునికి కృతజ్ఞతలు చెప్పారు. సెలీనమ్మ ఎప్పుడూ ఇతరుల కోసమే ప్రార్థించమని అడిగేది. ఆ రోజు ముందు బల్ల పట్టుకుని లేచింది.

"మా ఇంట్లో సింకు పెట్టినారు. నేను నిలబడి గిన్నెలు తోముకుంటా ఉండాను. జూలియా బిడ్డకూ, అమృతరాజన్న చేతులకూ దేవుడు మేలు చేయాల" అని కూర్చుంది. ఎవరో చిన్నగా నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. పాస్టరుగారు ఆమెన్ అన్నారు.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఇద్దరు ముసలమ్మలు అమృతరాజును ఆపారు. తమ వంటింటి గోడల్లోనూ అలాంటి గొట్టాలే ఉన్నాయట. ఆయన చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి ఇళ్ళ నంబర్లు రాసుకున్నాడు.

"సోమవారం వస్తాను. ఒక చెంబు నీళ్ళు పట్టి పెట్టండి" అన్నాడు.