మనిషి కంటే ముందు దీపం

మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పని చేతనవును. మా ఆవిడ కుక్కరు మూత తీయకుండానే అన్నం పదును చెబుతుంది. మా అత్త చిరిగిన చీర కుట్టిందంటే, ఎక్కడ చిరిగిందో ఆమే వేలు పెట్టి చూపించాలి. నా బావమరిది ఎలాంటి మోటరునైనా విప్పి, మళ్ళీ బిగించి, ఒక్క నట్టు కూడా మిగల్చకుండా లేస్తాడు. వంట, ఈత, సూదిదారం, నలుగురిలో నోరు మూసుకోవడం, బతకడానికి ఇవి వస్తే చాలంటుంది మా అత్త. ఆ చివరిది నా కోసం చేర్చింది. నాకు చేతనయ్యేది ఉన్నదాన్ని పెంచి చెప్పడం. పుంగనూరులో బస్సెక్కి మదనపల్లెలో దిగేలోపు పక్క సీటాయనకు కిటికీలోంచి పులిని చూపించగలను.

అత్తగారి ఊరు నిమ్మనపల్లె దగ్గర. వాళ్ళ పొలంలో ఎండిపోయిన బావి ఒకటుంది. కొత్తల్లుడిగా వెళ్ళినప్పుడు దాని మీద ఒక కథ అల్లాను. లోపల ఒక సామి ఉన్నాడనీ, దీపం దింపితే ఊదేస్తాడనీ, అయితే మర్యాదస్తుడు కాబట్టి వత్తి సరిచేసి మరీ పైకి పంపిస్తాడనీ. ఆ ఇంట్లో నా పేరు చెబితే ఇప్పటికీ ఆ కథే గుర్తుకొస్తుంది.

నిజానికి దీపం దింపడం నేను కల్పించింది కాదు. మా అమ్మది కుప్పం వైపు పల్లె. వాడకం లేని బావిలో ఎవరైనా దిగాల్సి వస్తే, ముందు బొక్కెనలో బుడ్డిదీపం వెలిగించి పెట్టి దింపేది. ఆకూవక్కా వేసుకుని, నమిలి ఉమ్మేదాకా అది వెలుగుతూ ఉంటే "దిగు" అనేది. ఆరిపోతే ఇంకెవరినీ దిగనిచ్చేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. నేను ఆ పనిని చూసి నేర్చుకున్నాను. నేర్చుకుని, నవ్వులాటకు వాడేశాను.

పోయిన ఎండాకాలం టమోటాను అడిగేవాడు లేడు. బావమరిది మదనపల్లె మార్కెట్టు దాకా తీసుకెళ్ళిన కాయను వెనక్కి తెచ్చి, ట్రాక్టరు మీద ట్రాక్టరు ఆ బావిలో పోశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే తొట్టిలోంచి మొక్కలకు నీళ్ళు తోడే మోటరు కాలిపోయింది. కొత్తగా నాటిన నారు వాడిపోతోంది. బావిలో సగం లోతున రాతి అరుగు మీద పాత మోటరొకటి ఉంది. దాన్ని పైకి తెస్తానని ఫోన్ చేశాడు. ఆ పొద్దున నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి నడుముకు మోకు కట్టుకుని, మెడలో సెల్‌ఫోను వేలాడేసుకుని, బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోకు పట్టడానికి పక్క పొలం వాళ్ళు ఇద్దరు వచ్చారు.

కుళ్ళిన టమోటా వాసన దూరం నుంచే తెలిసింది. పుల్లగా, ముక్కులో గుచ్చుతూ. గట్టు మీద ఈగలు ముసురుతున్నాయి. బావిలోపల ఒక్కటీ లేదు. గోడ సందుల్లో ఎప్పుడూ గుడ్లు పెట్టుకునే పావురాలూ లేవు.

"ఆగరా, ముందు దీపం దింపుదాం," అన్నాను.

"వచ్చేసినాడప్పా! సామికి దీపం పెట్టాలంట," అన్నాడు బావమరిది. మోకు పట్టుకున్న ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

"దేవుని దీపం బొక్కెనలో పెడ్తారా ఎవురన్నా?" అని తిడుతూనే మా అత్త ప్రమిద తెచ్చి నూనె పోసింది.

మెల్లగా దింపాను. గోడలో ఒక తెల్లరాయి ఉంది. దాన్ని దాటగానే దీపం ఆరింది. రెపరెపలాడలేదు. ఎవరో రెండు వేళ్ళతో వత్తిని నలిపినట్టు ఆరింది. పొగ కూడా పైకి రాలేదు. ఆ రాయి దగ్గరే పలచటి దుప్పటిలా పరుచుకుని నిలబడిపోయింది.

లాగి, వెలిగించి, మళ్ళీ దింపాను. అదే రాయి దగ్గర ఆరింది. మూడోసారీ అంతే.

"వత్తి సరిచేసి పంపిచ్చినాడా బావా, మీ సామి?"

"ఒరే, ఇది కథ గాదురా. లోపల గాలి లేదు."

"గాలి లేకుంటే దీపం యాల ఆరతాది? గాలికే గదా ఆరేది!" మళ్ళీ నవ్వులు. ఫోను వెలిగించి లోపలికి చూపించాడు. "ఇది సూడు, ఆరిందా? టార్చి ఆరదు బావా. మోటరు ఎంత బాగా కనపడతాండాదో సూడు."

నిజంగానే కనబడుతోంది. దాని మీద దుమ్ము కూడా కనబడుతోంది.

అప్పుడు నా నోరు దాని పని అది చేసింది. "మా అమ్మోళ్ళ ఊర్లో ఇట్లే దిగి నలుగురు పోయినారు."

మా ఆవిడ తల తిప్పి చూసింది. "నలుగురా? ఇన్నేండ్లలో ఒకసారన్నా చెప్పలేదే. ఎవురయ్యా ఆ నలుగురు?"

ఎవరూ లేరు. మా అమ్మ దీపం దింపింది కాబట్టే ఎవరూ పోలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే వినేవాళ్ళేమో. నా నోటికి నలుగురు వచ్చారు. ఇప్పుడు నేను కల్పించిన ఆ నలుగురి పక్కన ఐదోవాడిగా నిలబడడానికి నా బావమరిది మొదటి మెట్టు రాయి మీద కాలు పెడుతున్నాడు.

ఇక నేనేం చెప్పినా కథే అవుతుంది. బొక్కెనలో ప్రమిద మళ్ళీ వెలిగించి అతని చేతికి తగిలించాను. "నన్ను నమ్మొద్దులే. దీన్ని నీకంటే కింద పట్టుకోని దిగు. ఆరితే వచ్చేయి."

"నీ ముచ్చట నేను యాల కాదనాల," అంటూ తీసుకున్నాడు.

నేను వెళ్ళి మోకు పట్టుకున్నాను, మూడో మనిషిగా. "నవ్వుకోండప్పా, మోకు మాత్రం వదులు చెయ్యొద్దండి," అన్నాను వాళ్ళతో.

ఒక్కో రాయీ దిగుతున్నాడు. తెల్లరాయి దగ్గర అతని మోకాలి కింద చీకటి పడింది.

"ఆరిండాది బావా," అన్నాడు. గొంతులో నవ్వు ఇంకా ఉంది.

"పైకి రా."

"ఇంగ రెండు మెట్లే గదా, మోటరు..."

అంటూనే దిగి, దాని మీదికి వంగాడు. మాట అక్కడ ఆగింది. బొక్కెన కింద రాళ్ళకు తగిలి మోగింది. మోకు ఒక్కసారిగా బరువెక్కింది. టార్చి మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో అతని తల గుండెల మీదికి వాలిపోయి కనబడింది.

ముగ్గురం లాగాం. మా ఆవిడ కూడా వచ్చి చేయి వేసింది. గట్టు మీద పడుకోబెట్టేసరికి పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మా అత్త ఏడవలేదు. కొడుకు చెంపలు రెండూ మార్చి మార్చి వాయించింది. ఎంతసేపని అడిగితే గంట అంటాను గానీ, పది లెక్కపెట్టేంతసేపు కూడా కాదు. ఆ తర్వాత అతని గొంతులోంచి గోనెసంచి చించినట్టు ఒక ఊపిరి వచ్చింది. పక్కకు తిరిగి కక్కుకున్నాడు.

లాగేటప్పుడు మెడలోంచి ఫోను జారిపోయింది. అది అరుగు మీద, మోటరు పక్కన, మొహం పైకి పెట్టి వెలుగుతోంది. మోకు పట్టుకున్న ఇద్దరిలో ఒకాయన వంగి చూశాడు.

"ఏం దూరం లేదప్పా. ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో పోయి తెచ్చేస్తా," అంటూ నేల మీదున్న మోకు కొస అందుకుని నడుముకు చుట్టుకోబోయాడు.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. నా జీవితంలో అలా జరగడం అదే మొదలు.

బావమరిది లేవలేడు. పడుకున్నచోటి నుంచే చేయి చాపి ఆ మనిషి చీలమండ పట్టుకున్నాడు. ఆయన విదిలించుకోబోతే రెండో చేయి కూడా వేశాడు. గోళ్ళు దిగబడ్డాయి. ఆయన కిందికి చూశాడు. ఆ కళ్ళలో ఏం కనబడిందో, మోకు వదిలేశాడు.

అంతలో కింద ఫోను మోగింది. ఎవరో ఊళ్ళోంచి, మోటరు పైకొచ్చిందా అని అడగడానికే అయ్యుంటుంది. ఆగి, మళ్ళీ మోగింది. మా అత్త కొడుకు తలను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. అది మోగినంతసేపూ మాలో ఎవరూ గట్టు వైపు ఒక్క అడుగు వేయలేదు.