మేనత్త ఎత్తిన గంప

పులిసిన గంజి వాసనొస్తె నాకు మా మేనత్త యాదికొస్తది. సంస్థానమున్న దినాలల్ల గద్వాలల మా సాలెగల్లీ ఆడోళ్లు కసువు ఎత్తిపొయ్యనీకి వంతులు పెట్టుకున్నరు. రోజుకొకామె పొద్దుగాల్నే ఇంటింటికి పోయి, మగ్గాల గంజి, తెగిన పోగులు, పొయ్యి బూడిద అన్నీ గంపకెత్తి ఊరవతల పొయ్యాలె.

మొగుడు సచ్చి మా ఇంట్ల ఉన్న మేనత్తకు మాత్రం, "నీకెందుకొదినె కష్టం?" అని వంతు ఇయ్యలే. ఎంత మంచోళ్లో అనుకున్న నేను.

ఒకనాడు వంతొచ్చినామె చేతిలకెళ్లి అత్త గంప గుంజుకున్నది. "పొద్దుగాల నా మొకం సూస్తె కీడైతదని సక్కగ చెప్పుండ్రే! నా కసువు మోస్తరు గని నా మొకం సూడరా?"

అందరు తలుపులేసుకున్నరు. తీసేదాంక ఒక్కో గడప ముందర నిలవడి, "కసువియ్యుండ్రి" అని అరిచింది.

ఆమె కోపమేందో నా మొగుడు పోయినంక తెలిసింది. ఇప్పుడు పెండ్లిండ్లల్ల ముందు వరుసల్నే కూసుంట. లెవ్వుమని ఎవరంటరో అననీ, సూస్త.