కార్డు మామయ్య కత్తెర

ఓటరు కార్డు చూడనిదే మామయ్య కత్తెర పట్టేవాడు కాదు. అందుకే పట్టణమంతా ఆయన్ని కార్డు మామయ్య అనేది. ఆయన సెలూన్‌లో ఎవరు కూర్చున్నా ముందు కార్డు తీసి అద్దానికి ఆనించాలి. ఆ ఫొటోలో జుట్టు ఎలా ఉంటే అలా కత్తిరించడమే ఆయనకు తెలిసిన క్షౌరం. మీసం ఉంటే ఉంచేవాడు, లేకపోతే తీసేసేవాడు. కొత్త ఫ్యాషన్లన్నీ చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలి రావాల్సిందే.

"మరి కార్డు లేకపోతే?" అని ఎవరైనా అడిగితే ఆయన నోరు వెళ్ళబెట్టేవాడు.

"లేకపోతే నువ్వెలా ఉంటావో నాకెలా తెలుస్తుందయ్యా?"

"ఎదురుగానే కూర్చున్నాను కదా!"

"నేనే నేనని నువ్వంటే సరిపోతుందా? ప్రభుత్వం అనాలి!"

అలా అని ఊరుకునే రకం కాదు. దుకాణం తలుపు దగ్గరగా వేసి, ఆ మనిషిని చెయ్యి పట్టుకుని మరీ ఫొటో స్టూడియోకి, అట్నుంచటే ఓటర్ల నమోదు కార్యాలయానికి లాక్కుపోయేవాడు. వయసుకు ఏ కాగితం చూపాలో, చిరునామాకు ఏ బిల్లు పనికొస్తుందో, అవేవీ లేనివాడు ఎవరి దగ్గర సంతకం తెచ్చుకోవాలో ఆయనకు కంఠతా వచ్చు. గడ్డం దురద పెడుతున్న మగాడు కార్డు కోసం పరిగెత్తినంత వేగంగా మరెవరూ పరిగెత్తరని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పుణ్యమా అని ఆ పేటలో ఓటు లేని మగాడు లేకుండా పోయాడు.

ఇంతకీ ఆయన మీసమే వంకర. ఫొటో దిగిన రోజు తొందరలో తన మీసం తనే కత్తిరించుకోబోతే ఎడమ కొస కాస్తా ఎగిరిపోయింది. కార్డులో అలాగే పడింది. ఇంకేముంది, అప్పట్నుంచీ ప్రతివారం అద్దం ముందు నిలబడి శ్రద్ధగా ఎడమవైపు పొట్టి చేసుకునేవాడు. చూసినవాళ్ళు నవ్వితే, "నా మొహం నా ఇష్టమా? కార్డులో ఉంది!" అని కసిరేవాడు.

ఇలాంటి మహానుభావుడికి అల్లుడైనవాడు బస్సు టిక్కెట్ల కౌంటర్‌లో గుమాస్తా. నుదుటి మీద అలల్లా పడే జుట్టంటే అతనికి ప్రాణం. పెళ్ళయిన కొత్తలో, పిల్లనిచ్చిన మామగారు కదా, ముద్దుగా చేస్తారని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

"కార్డు తీయండి అల్లుడుగారూ."

"అది పద్దెనిమిదేళ్ళప్పటి ఫొటో మామయ్యగారూ! అప్పుడు మా అమ్మ నూనె పెట్టి నడిపాపిడి తీసేది."

"అమ్మ చేతి పాపిడా? మరీ మంచిది."

అలలన్నీ నేల మీద పడ్డాయి. బయటికొచ్చిన భర్తను చూసి భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఫీసులో 'బాలకుమారుడు' అని పేరు పడింది. అల్లుడు ఆ కోపం చాలాకాలం దాచుకున్నాడు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు? నెలనెలా అదే కుర్చీ, అదే పాపిడి.

ఒక ఏడాది ఎన్నికలు దగ్గరపడేకొద్దీ మామగారి తీరు మారింది. మధ్యాహ్నం కాగానే దుకాణం కట్టేసి ఎటో పోయేవాడు. చీకటి పడ్డాక ఒళ్ళు హూనమై వచ్చేవాడు. గడ్డం గుండీల దాకా దిగింది, వంకర మీసం అందులో కలిసిపోయింది. "ఊరందరికీ గీస్తారు, ఇంట్లో మాత్రం రుషిలా తిరుగుతారు!" అని అత్తగారు నెత్తీ నోరూ కొట్టుకునేది. దీపం కింద చీకటంటే ఇదేనని అల్లుడు లోలోపల సంబరపడ్డాడు కూడా.

పోలింగ్ రోజున అల్లుడు వరుసలో నిలబడితే ముందు వృద్ధాశ్రమం ముసలివాళ్ళున్నారు. నున్నటి గడ్డాలు, దువ్విన తలలు. ఒకాయన వెనక్కి తిరిగాడు.

"మీరు మా మంగళవారం ఆయన అల్లుడే కదూ?"

"మంగళవారం ఆయనేంటండీ?"

"అదే, మీ మామగారు. మంగళవారం మా గదికి, బుధవారం పక్క గదికి. జబ్బుతో నా మొహం మారిపోతే కిందటిసారి ఇక్కడ, ఇది నువ్వు కాదు పొమ్మన్నారు బాబూ. బతికుండగా మనిషి వినాల్సిన మాటేనా అది? ఈయన వచ్చి, ఎలా ఉండేవాణ్ణో అలా చేసి, కొత్త ఫొటో తీయించి, కార్డు తెప్పించాడు. మంచం దిగలేనివాళ్ళ తల ఒళ్ళో పెట్టుకుని గీశాడు."

అల్లుడి చెయ్యి దానంతటదే నడిపాపిడి మీదికి పోయింది.

అంతలో లోపల గొడవ. కొత్తగా వచ్చిన అధికారి మామగారి కార్డూ గడ్డమూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఇది మీరు కాదండీ."

"అయ్యో, ఆయన మా కార్డు మామయ్యండీ!" అని వరుసంతా అరిచింది.

"మీరు గుర్తుపడితే చాలదు. ఫొటోతో పోలాలి."

అందరూ మామగారి వైపు చూశారు. ఆయన మెల్లిగా, "ఆయన చెప్పిందే న్యాయం. నేనైనా అదే అంటాను," అని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఊరంతటికీ ఓటు తెచ్చిపెట్టిన మనిషికి ఓటు లేకుండా పోతోంది. ఇంకో గంటలో తలుపులు మూసేస్తారు. సెలవు కాబట్టి సెలూన్లేవీ తెరిచి లేవు.

"లేవండి మామయ్యగారూ, దుకాణానికి పోదాం. గీసుకోండి."

ఆయన చేతులు చూపించాడు. ఇన్నాళ్ళూ ఆశ్రమంలో గీసీ గీసీ వేళ్ళు కొంకర్లు పోయాయి, కత్తెర పట్టు నిలవడం లేదు.

అల్లుడు ఆయన్ని లాక్కుపోయి కుర్చీలో కూలేశాడు. జన్మలో టిక్కెట్లు చింపడం తప్ప మరేదీ చేతబట్టనివాడు కత్తెర పట్టాడు.

"కార్డు తీయండి మామయ్యగారూ."

మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే, "మెడ దగ్గర జాగ్రత్త, అమ్మాయి ఊరుకోదు," అన్నాడు.

గడ్డం ఎలాగో ఊడింది. మీసం దగ్గరికొచ్చేసరికి అల్లుడి చెయ్యి జారింది. ఎడమ కొస కాస్తా ఎగిరిపోయింది.

"అయ్యయ్యో! చెడగొట్టేశాను!"

మామగారు అద్దంలోకి చూశాడు. కార్డు వైపు చూశాడు. "అచ్చం అదే! ఇన్నేళ్ళూ ప్రయత్నించినా నాకింత బాగా కుదరలేదయ్యా!"

ఇద్దరూ పరుగో పరుగు. అధికారి కార్డు పట్టుకుని వంకర చూసి, వంకరతో పోల్చుకుని, "ఇప్పుడు మీరే," అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడా దుకాణం లేదు, మామగారూ లేరు. అల్లుడు కార్డులో ఫొటో ఎప్పుడో మార్పించుకున్నాడు. జుట్టు నెరిసి, పలచబడింది. ఉన్న నాలుగు వెంట్రుకలకూ రోజూ నూనె పెట్టి, నడిమధ్యకు పాపిడి తీస్తాడు.

"ఫొటో మారిందిగా నాన్నా, ఇంకా ఆ పాపిడేంటి?" అని కూతురు నవ్వుతుంది.

"పైకి పోయాక మీ తాతయ్య నన్ను గుర్తుపట్టొద్దూ!" అంటూ అతను అద్దంలో మరోసారి సరిచూసుకుంటాడు.